పంపుసెట్టు గొట్టాల క్లిప్పులకు తుప్పు – తనిఖీ, మార్పిడిలో మెళకువలు

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో పత్తి, కంది, పెసర, మినుము, సోయాచిక్కుడు వానాకాలపు ప్రధాన పంటలు. యాసంగిలో శనగ, జొన్న సాగవుతాయి. మంజీర పరీవాహకంలో ఉన్నప్పటికీ ఇక్కడి చేలలో అధిక భాగం వర్షాధారమే. నల్లవాగు మధ్యతరహా ప్రాజెక్టు, చెరువులు, బోరుబావులు కొంత మేరకే తడిని అందిస్తాయి. సింగూరు జలాశయపు నీటిని ఈ మెట్టకు ఎక్కించే ఉద్దేశంతో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగింది. ఇక్కడ నీరు పల్లంలో, చేను మెరకలో ఉండడమే దీనికి కారణం. వాగు గట్టున, కుంట ఒడ్డున డీజిల్ ఇంజను గాని, మోటారు గాని పెట్టి రబ్బరు గొట్టం ద్వారా నీరు తోడుకునే రైతుకూ ఇదే పరిస్థితి.

ఇటువంటి పంపుసెట్టు సరిగ్గా అవసరమైన రోజున నీరు పట్టకపోవడం తరచు కనిపించే సమస్య. అక్టోబరు, నవంబరు మాసాల్లో కంది పూత, కాయ దశలో ఉన్నప్పుడు బెట్ట ఏర్పడితే ఒకటి రెండు తడులే దిగుబడిని నిలబెడతాయి. ఆ సమయంలో ఇంజను నడుస్తుంది కాని నీరు సన్నగిల్లుతుంది, లేదా కొద్దిసేపు వచ్చి ఆగిపోతుంది. రైతు ముందుగా ఇంజనును అనుమానిస్తాడు. ఆపైన ఫుట్‌వాల్వును పైకి తీస్తాడు. మెకానిక్ వచ్చే లోపల రెండు రోజులు గడుస్తాయి. చాలా సందర్భాలలో లోపం గొట్టాన్ని ఇనుప మూతికి బిగించి ఉంచే క్లిప్పు దగ్గరే ఉంటుంది. కొద్ది రూపాయలకు దొరికే ఈ వస్తువును ముందుగా పరీక్షించుకోవడం, తుప్పు పట్టిన దానిని సకాలంలో మార్చుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వివరించడమైనది.

క్లిప్పు చేసే పని

నేడు వాడుకలో ఉన్న మర క్లిప్పు ఒక లోహపు పట్టీ, దానిపై ఒక చిన్న గూడు, ఆ గూటిలో తిరిగే మర – ఈ మూడు భాగాలతో కూడినది. మరను తిప్పితే దాని చుట్లు పట్టీ మీది గాడులలో పడి పట్టీని లాగుతాయి. గొట్టం చుట్టూ సమానంగా ఒత్తిడి పడుతుంది. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన కమాండర్ లమ్లీ రాబిన్‌సన్ 1921లో ఈ రకపు క్లిప్పుకు పేటెంటు పొందారు. ‘జూబిలీ క్లిప్’ అన్న పేరుతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఓడలతో పరిచయమున్న వ్యక్తి రూపొందించిన ఈ సాధనం ఈనాడు ట్రాక్టరు రేడియేటరు మొదలు డ్రిప్పు ఫిల్టరు వరకు వ్యవసాయంలో ప్రతి చోటా కనిపిస్తుంది.

పంపుసెట్టులో క్లిప్పులు ముఖ్యంగా నాలుగు చోట్ల ఉంటాయి. మొదటిది, నీటిని పీల్చే సక్షన్ గొట్టం పంపు మూతికి కలిసే చోటు. రెండవది, అదే గొట్టం కింది కొసన ఫుట్‌వాల్వుకు కలిసే చోటు. మూడవది, నీటిని తోసే డెలివరీ గొట్టపు అతుకు. నాలుగవది, నీటితో చల్లబడే డీజిల్ ఇంజనులకు డెలివరీ నుండి కొంత నీటిని మళ్ళించే సన్నని గొట్టం. ఈ నాలుగింటిలోను సక్షన్ వైపు ఉన్నవే ఎక్కువ నష్టం కలిగిస్తాయి, ఎందుకంటే అక్కడి లోపం కంటికి కనిపించదు.

సక్షన్ వైపు లోపం ఎందుకు కనిపించదు?

డెలివరీ గొట్టంలో నీరు ఒత్తిడితో ఉంటుంది. అక్కడ క్లిప్పు సడలితే నీరు బయటికి చిమ్ముతుంది. రైతు వెంటనే గమనిస్తాడు. సక్షన్ గొట్టంలో పరిస్థితి దీనికి విరుద్ధం. పంపు నడిచేటప్పుడు ఆ గొట్టంలోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ. క్లిప్పు సడలితే నీరు బయటికి రాదు, గాలి లోనికి పోతుంది. అతుకు పొడిగానే కనిపిస్తుంది. సెంట్రిఫ్యూగల్ పంపు నీటిని నెట్టగలదు గాని గాలిని నెట్టలేదు. కొద్దిపాటి గాలి చేరినా నీటి రాక తగ్గుతుంది, మరికొంత చేరితే పూర్తిగా ఆగిపోతుంది. నీరు లేకుండా తిరిగే పంపులో సీలు, గ్రంథి తాడు వేడెక్కి చెడిపోతాయి. చల్లబరిచే నీరు అందక ఇంజను కూడ దెబ్బతింటుంది.

నేల ఎత్తును కూడ ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. సముద్రమట్టం వద్ద గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని నిలపగలదు. సింగూరు జలాశయపు పూర్తి నిల్వ మట్టమే 523.6 మీటర్లు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సుమారు 9.7 మీటర్ల నీటికి సమానం. గొట్టంలో రాపిడి, ఫుట్‌వాల్వు అడ్డు, పంపు అవసరాలు పోగా ఆచరణలో 6 మీటర్లకు మించి నీటిని పీల్చడం కష్టం. ఎండలు ముదిరి నీరు వెనక్కు తగ్గే కొద్దీ పీల్చవలసిన ఎత్తు పెరుగుతుంది. వానాకాలంలో పని జరిపిన సడలిన క్లిప్పే యాసంగి చివర మొండికేయడానికి కారణం ఇదే.

నష్టాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావాలి. సెకనుకు 10 లీటర్లు పోసే పంపు ఈ పనిని ఐదున్నర గంటల్లో ముగిస్తుంది. గాలి చేరి నీటి రాక నాలుగో వంతు తగ్గిందనుకుంటే అదే తడికి ఏడున్నర గంటలు పడుతుంది. 5 అశ్వశక్తి ఇంజను గంటకు సుమారు ఒక లీటరు డీజిల్ తాగుతుందని తీసుకుంటే ఎకరానికి ప్రతి తడికి దాదాపు రెండు లీటర్లు వృథా. ఒక్క తడిలో పోయిన ఆ డీజిల్ ధరతో క్లిప్పులన్నీ కొత్తవి వేసుకోవచ్చు.

తుప్పు పట్టడానికి కారణాలు

మార్కెట్లో దొరికే చౌక క్లిప్పులు ఇనుముపై జింకు పూత పూసినవి. తడి, గాలి తగిలే చోట ముందు జింకు కరిగి తెల్లని పొడిగా మారుతుంది. పూత పోయాక ఎర్ర తుప్పు మొదలవుతుంది. తెల్ల పొడి కనిపించడం మొదటి హెచ్చరిక. ఎర్రని మరక జారడం చివరి హెచ్చరిక.

స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులకు తుప్పు రాదన్న అభిప్రాయం సరికాదు. ఈ ఉక్కులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలంపై పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తుంది. పట్టీకి, గొట్టానికి మధ్య ఇరుకులో నీరు నిలిచి ఆక్సిజన్ అందనప్పుడు ఆ పొర తిరిగి ఏర్పడదు. అక్కడ క్లోరైడు లవణాలు చేరితే గుంటలు పడతాయి. డ్రిప్పు ద్వారా ఎరువులు ఇచ్చే చోట ఈ ప్రమాదం ఎక్కువ. పొటాషియం క్లోరైడు, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, బరువులో సుమారు 47 శాతం క్లోరైడే. డ్రిప్పు గొట్టాల శుభ్రతకు వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్లీచింగ్ పొడి కూడ ఇదే హాని చేస్తాయి. అందువల్ల ఎరువు లేదా ఆమ్లం పంపిన ప్రతిసారి చివర 10–15 నిమిషాలు మంచినీరు వదలాలి. వెంచురీ, ఎరువుల ట్యాంకు అతుకుల పైభాగాన్ని కూడ నీటితో కడగాలి.

అన్నిటికంటే మోసపుచ్చేది మిశ్రమ క్లిప్పు. దీని పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుతోను, మర మాత్రం జింకు పూసిన ఇనుముతోను చేయబడి ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసి ఉన్నప్పుడు బలహీనమైనది ముందుగా కరుగుతుంది. పట్టీ ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది. గూటిలోని మర లోలోపల పుచ్చిపోతుంది. పైపైన చూసి బాగున్నదని వదిలివేసిన క్లిప్పు ఒక రోజు ఇంజను అదురుకు విడిపోతుంది.

తనిఖీ విధానం

తనిఖీకి ముందు మోటారుకు విద్యుత్తు సరఫరాను పూర్తిగా నిలిపివేయాలి. డీజిల్ ఇంజనును ఆపి చల్లారనివ్వాలి. ఆ తరువాత కింది వరుసలో పరీక్షించాలి.

1. క్లిప్పుపై పేరుకున్న మట్టి, గ్రీజును గుడ్డతో తుడవాలి. మట్టి కింద తేమ నిలిచి తుప్పును పెంచుతుంది.

2. పట్టీ పైభాగంతో పాటు అడుగు భాగాన్ని చూడాలి. నీరు జారి నిలిచేది అడుగుననే. చేయి పట్టని చోట సెల్‌ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూడవచ్చు. పట్టీ గాడుల అంచుల్లో సన్నని చీలికలున్నాయేమో గమనించాలి.

3. మరను పావు చుట్టు వెనక్కు, తిరిగి ముందుకు తిప్పాలి. కదలకపోతే తుప్పుతో బిగుసుకున్నట్లు. ఎంత తిప్పినా బిగువు రాకపోతే చుట్లు అరిగినట్లు. రెండు సందర్భాలలోను క్లిప్పును మార్చవలసిందే.

4. చిన్న అయస్కాంతాన్ని ముందు పట్టీకి, పిమ్మట మరకు ఆనించాలి. పట్టీ ఆకర్షించక మర గట్టిగా ఆకర్షిస్తే అది మిశ్రమ క్లిప్పుగా భావించి తరచు పరీక్షించాలి.

5. గొట్టపు కొసను నొక్కి చూడాలి. రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తే కొత్త క్లిప్పు వేసినా ఫలితం ఉండదు. గొట్టం పొడవు సరిపోతే చెడిన కొసను కోసివేసి మంచి భాగాన్ని ఎక్కించాలి.

గాలి పీల్చే చోటును కనిపెట్టడానికి రెండు సులభమైన పరీక్షలున్నాయి. మొదటిది నిలిపి చేసే పరీక్ష. పంపు పైనున్న మూత తీసి, సక్షన్ గొట్టం నిండేవరకు నీరు పోసి, మూత తెరిచే ఉంచాలి. ఇప్పుడు గొట్టంలోని నీటి బరువు అతుకులను లోపలి నుండి బయటికి నెడుతుంది. నడిచేటప్పుడు గాలిని పీల్చిన సందే ఇప్పుడు నీటిని చెమరుస్తుంది. పొడిగుడ్డతో తుడిచి అరగంట ఆగి చూస్తే తడి ఎక్కడ ఊరిందో తెలుస్తుంది. అతుకులన్నీ పొడిగా ఉండి నీటి మట్టం మాత్రం తగ్గితే లోపం ఫుట్‌వాల్వుది గాని, నీటిలో మునిగి ఉన్న దాని అతుకుది గాని అవుతుంది.

రెండవది నడిపి చేసే పరీక్ష. పంపు నడుస్తుండగా సబ్బు నురుగును అతుకు చుట్టూ పూయాలి. సందు ఉన్న చోట నురుగు లోనికి లాగబడి మాయమవుతుంది. బెల్టు, ఫ్లైవీలు దగ్గరలో ఉంటే వదులు దుస్తులతో ఈ పరీక్ష చేయరాదు.

కొత్త క్లిప్పు ఎంపిక

గొట్టాన్ని మూతికి ఎక్కించిన తరువాత దాని బయటి వ్యాసాన్ని కొలవాలి. క్లిప్పుపై కనిష్ఠ, గరిష్ఠ కొలతలు ముద్రించి ఉంటాయి. గొట్టపు కొలత ఆ రెండింటికి మధ్యగా వచ్చే క్లిప్పును ఎన్నుకోవాలి. మరీ పెద్దది తీసుకుంటే మిగిలిన పట్టీ తోక చేతులను కోస్తుంది, గుండ్రంగా కూడ బిగియదు. 50 మిల్లీమీటర్లు, అంతకు మించిన గొట్టాలకు 12 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ మంచిది.

కొన్ని క్లిప్పులపై లోహపు తరగతి ‘డబ్ల్యూ’ అక్షరం, అంకెతో ముద్రించబడి ఉంటుంది. డబ్ల్యూ 1 అంటే మొత్తం జింకు పూసిన ఇనుము. డబ్ల్యూ 2 అంటే పట్టీ మాత్రమే స్టెయిన్‌లెస్. డబ్ల్యూ 4 అంటే మరతో సహా మొత్తం 304 రకపు స్టెయిన్‌లెస్. డబ్ల్యూ 5 అంటే 316 రకం. దీనిలో 2–3 శాతం మాలిబ్డినం ఉండడం వల్ల క్లోరైడును మెరుగ్గా తట్టుకుంటుంది. వాగు, కుంట, బావి నీటికి డబ్ల్యూ 4 సరిపోతుంది. ఎరువుల ట్యాంకు, వెంచురీ అతుకులకు దొరికితే డబ్ల్యూ 5 వాడుకోవాలి. అంచులు పైకి మడిచిన పట్టీ రబ్బరును కోయదు.

స్పైరల్ ఎముక ఉన్న పి.వి.సి. సక్షన్ గొట్టాలపై వెడల్పాటి పట్టీ ఎముకల మీదనే ఆని, మధ్య పల్లాలలో సందు మిగులుతుంది. ఇటువంటి గొట్టాలకు ఆ పల్లాలలో కూర్చునే రెండు తీగల క్లిప్పును ఎన్నుకోవాలి. గొట్టపు కొసను వేడినీటిలో ముంచి మెత్తబరిచి ఎక్కిస్తే అతుకు బాగా కుదురుతుంది.

మార్చే పద్ధతి

బిగుసుకున్న మరపై తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగాలి. అప్పటికీ కదలకపోతే పట్టీని హాక్సా బ్లేడుతో గూటికి దూరంగా కోయాలి. బ్లేడు గొట్టపు మూతిని గీయకుండ జాగ్రత్త వహించాలి. మంట పెట్టి వేడి చేయరాదు.

గొట్టం తీసిన తరువాత ఇనుప మూతిపై తుప్పు పొలుసులను ఎమరీ కాగితంతో రుద్ది నునుపు చేయాలి. మూతి మీద లోతైన గుంటలుంటే ఎంత బిగించినా గాలి చొరబడుతుంది. ఆ మూతిని మార్చాలి. గొట్టం సులభంగా ఎక్కడానికి సబ్బునీరు పూయాలి. ఇంజను ఆయిల్ పూస్తే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

కొత్త క్లిప్పును గొట్టంపైకి ముందే తొడిగి, గొట్టాన్ని మూతి చివరి ఉబ్బు దాటేవరకు తోయాలి. క్లిప్పు ఆ ఉబ్బుకు వెనుక, గొట్టపు కొసకు సుమారు 5 మిల్లీమీటర్ల లోపలికి కూర్చోవాలి. మర తల చేతికి అందే వైపు, తిరిగే భాగాలకు దూరంగా ఉండాలి. మర తలకు సరిపోయే 7 లేదా 8 మిల్లీమీటర్ల పానా వాడితే స్క్రూడ్రైవరు జారి చేయి గీరుకుపోయే ప్రమాదం తప్పుతుంది. పట్టీ చుట్టూ రబ్బరు సమానంగా కొద్దిగా పొంగేవరకు బిగించాలి. గాడులలోనుండి రబ్బరు బయటికి వస్తే అతిగా బిగించినట్లు. 15 నిమిషాలు నడిపి ఆపి మరల బిగించాలి, ఎందుకంటే రబ్బరు కొంత సర్దుకుంటుంది. మరునాడు ఇంకొకసారి చూడాలి.

పడవ నుండి నేర్వదగిన నియమం

ఇంజను లోపల అమర్చిన పడవలలో ఇంజనును చల్లబరిచే నీటిని పడవ అడుగు నుండి గొట్టం ద్వారా తీసుకుంటారు. నీటి మట్టానికి దిగువనున్న ఆ గొట్టం ఊడితే నీరు నేరుగా పడవలోనికి వస్తుంది. అందువల్ల అటువంటి అతుకుకు ఒకటికి బదులు రెండు క్లిప్పులు, వాటి మరలు ఎదురెదురు దిక్కులకు వచ్చేటట్లు వేయడం అక్కడి ఆనవాయితీ. ఒకటి తుప్పుతో తెగినా రెండవది నిలుస్తుంది.

పంపుసెట్టులో సక్షన్ గొట్టపు రెండు కొసలకు ఈ నియమం చక్కగా వర్తిస్తుంది. ముఖ్యంగా ఫుట్‌వాల్వు అతుకు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండి కంటికి కనిపించదు. కింది గొట్టమంతా నీటితో నిండిన బరువును కూడ అదే మోస్తుంది. అయితే మూతి పొడవు రెండు క్లిప్పులకు సరిపోవాలి. పొట్టి మూతిపై రెండవ క్లిప్పు దాని అంచును దాటి బిగిస్తే ఆ అంచు గొట్టాన్ని లోపల నుండి కోస్తుంది. అటువంటప్పుడు ఒకే మంచి క్లిప్పు మేలు.

బైండింగ్ తీగ, ట్యూబు ముక్క

క్లిప్పు దొరకని రోజు బైండింగ్ తీగ చుట్టడం, సైకిలు ట్యూబు ముక్కను లాగి కట్టడం పొలాల్లో అలవాటు. ట్యూబు ముక్క ఆ రోజుకు పని గడుపుతుంది, అంతవరకు తప్పు లేదు. తీగ మాత్రం సన్నని గీతపైనే ఒత్తిడి పెట్టి రబ్బరును కోస్తుంది, మెలిక పడిన చోట సందు మిగులుతుంది, త్వరగా తుప్పు పడుతుంది. విరిగిన తీగ ముక్కలు, కోసిన పట్టీ ముక్కలు చేలో వదలరాదు. అవి మేతతో పాటు పశువుల కడుపులోనికి చేరి జీర్ణాశయపు గోడను పొడిచి, ఒక్కొక్కసారి గుండె వరకు చొచ్చుకొనిపోయి ప్రాణాపాయం కలిగిస్తాయి. తీసిన ప్రతి ముక్కను ఒక డబ్బాలో వేసి పాత ఇనుముకు ఇవ్వాలి.

మందు చల్లే పరికరాలలో అదనపు జాగ్రత్త

పవర్ స్ప్రేయర్లలో క్లిప్పు లోపం పంటకే కాక మనిషికీ ప్రమాదకరం. పత్తి, కందిపై పురుగుమందు చల్లేటప్పుడు ఒత్తిడితో ఉన్న గొట్టం ఊడితే మందు ముఖంపై, కళ్ళలో పడుతుంది. మందు పీల్చే గొట్టానికి, తిరిగి ట్యాంకులోనికి పంపే గొట్టానికి మాత్రమే మర క్లిప్పు వాడవచ్చు. అధిక ఒత్తిడి గొట్టానికి తయారీదారులు సూచించిన బిగింపునే వాడాలి. తనిఖీని మందు కలపడానికి ముందు మంచినీటితో చేయాలి. మధ్యలో సడలినట్లు గమనిస్తే యంత్రాన్ని ఆపి, ఒత్తిడిని పూర్తిగా విడిచి, చేతి తొడుగులు, కళ్ళద్దాలు ధరించిన తరువాతనే తాకాలి. పని ముగిశాక గొట్టాలను, క్లిప్పులను శుభ్రమైన నీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి.

ఎప్పుడెప్పుడు చూడాలి?

సంవత్సరంలో మూడు తనిఖీలు తప్పనిసరి. మొదటిది మృగశిర కార్తెకు ముందు, పరికరాలను బయటికి తీసేటప్పుడు. రెండవది అక్టోబరులో, కంది పూతకు రాకముందే. మూడవది యాసంగి ముగిసి పంపుసెట్టును ఇంటికి చేర్చేటప్పుడు. ఆ సమయంలో గొట్టాలలోని నీరు, మట్టి పూర్తిగా తొలగించి ఎండ తగలని చోట భద్రపరచాలి. డ్రిప్పు ద్వారా ఎరువులు ఇచ్చే రైతులు వెంచురీ అతుకులను నెలకొకసారి పరీక్షించాలి.

వాడే ప్రతి కొలత గొట్టానికి రెండేసి క్లిప్పులు, ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, కొంచెం ఎమరీ కాగితం ఒక చిన్న డబ్బాలో ఇంజను పక్కనే ఉంచుకోవాలి. సందేహాలున్నవారు మండల వ్యవసాయాధికారిని గాని, సంగారెడ్డి జిల్లా కందిలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల శాస్త్రవేత్తలను గాని సంప్రదించవచ్చు.

నారాయణఖేడ్ వంటి మెట్ట ప్రాంతంలో నీరు దొరికే రోజులు తక్కువ, తడి అందవలసిన రోజులు అంతకంటే తక్కువ. ఆ కొద్ది రోజులలో పంపుసెట్టు ఆగకుండ నడవడమే రైతుకు లాభం. కావున రైతు సోదరులు క్లిప్పు పట్టీ మెరుపును చూసి తృప్తి పడక, మరను తిప్పి చూసి, అనుమానం కలిగిన దానిని పంటకు తడి అవసరం పడకముందే మార్చుకోవాలి.